మా ఎండకు తగిన మేపుల్

మా ఊరి పేరు చెప్పదలచుకోలేదు. చెబితే, అక్కడ నిజంగా అలా జరిగిందా అని తేల్చడానికి ఇంకో కమిటీ వేస్తారు. వేస్తే దానికీ నన్నే అధ్యక్షుణ్ణి చేస్తారు. నేను వద్దనను. నా భయమల్లా అదే.

ఆనవాలుకి ఇంతమాత్రం చెబుతాను. పల్నాడులో మిరప పండే ఊరు మాది. మాఘమాసం వచ్చిన దగ్గర్నుంచీ ఊరి చుట్టూ కళ్లాల్లో కాయ ఆరబోసి ఉంటుంది. మేడెక్కి చూస్తే కనుచూపు మేరా ఎరుపే. ఆ దారిన బస్సు వెళితే డ్రైవరుతో సహా అందరూ తుమ్ముతారు. ఇక ఎండంటారా, మేనెలలో మా ఊళ్ళో పెళ్ళి పెట్టుకుంటే దగ్గరి చుట్టాలు కూడా అక్షింతలు ఫోన్లోనే వేస్తారు.

అలాంటి ఊరికి మునిసిపల్ కమిషనరుగా చంద్రమౌళి గారు వచ్చారు. రాకముందే ఆయన అధ్యయన యాత్ర మీద ఒక చలిదేశానికి వెళ్ళివచ్చారు. అక్కడ ఒక వీధి పొడవునా మేపుల్ చెట్లు, చెట్ల నిండా ఎర్రటి ఆకులు. ఆ వీధి మధ్యలో నిలబడి దిగిన ఫోటోని ఆయన ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక తగిలించుకున్నారు. మొదటి సమావేశంలోనే, ఈ పట్టణానికి ఎరుపు లోటుగా ఉందని, ఆ లోటును ప్రాధాన్యతా ప్రాతిపదికన భర్తీ చేస్తామని ప్రకటించారు. కిటికీ తెరిస్తే కళ్లాలు కనిపించేవే. ఏసీ పోతుందని కిటికీ మూశారు.

ఆ విధంగా 'వేడి, పొడి వేసవికి అనువైన మేపుల్ రకాల ఎంపిక సంఘం' ఏర్పడింది. అధ్యక్షుడు డాక్టర్ పున్నారావు, అంటే నేను. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. నా డాక్టరేటు చెరువుల్లో పెరిగే పాచి మీద. పాచి గురించి అంత తెలిసినవాడికి చెట్టు గురించి తెలియకుండా ఉంటుందా అని కమిషనరు గారు అనుకున్నారు. తెలియదని నేను అనలేదు. మునిసిపాలిటీ జీపు ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో నాకోసం హారన్ కొట్టిన ప్రభుత్వ వాహనం అదొక్కటే. ఎదురింటివాళ్ళు చూస్తున్నారో లేదో చూసుకుని మరీ ఎక్కాను.

సంఘంలో ఇంకో సభ్యుడు మునిసిపల్ ఇంజనీరు జోజిబాబు. ఈయన నెమ్మదస్తుడు. ఏది చెప్పినా "చేద్దాం సార్" అంటాడు. చేయలేనిదాన్ని ఇంకొంచెం గట్టిగా "చేద్దాం సార్" అంటాడు.

నేను వారం రోజులు కంప్యూటరు ముందు కూర్చుని మేపుల్ గురించి చదివాను. వేడిని తట్టుకునే మేపుళ్ళు ఉన్నమాట నిజమే. టటేరియన్ మేపుల్ అట, షాంటుంగ్ మేపుల్ అట, ట్రైడెంట్ మేపుల్ అట. పొడి నేలకు ఓర్చుకుంటాయని, మధ్యాహ్నం కాస్త నీడ ఉంటే చాలని రాశారు. సంబరపడ్డాను. తరవాత ఆ రాసినవాళ్ళు ఎండాకాలం అని దేన్నంటున్నారో చూశాను. వాళ్ళు విలవిల్లాడిపోయే ఆ వేడికి మా ఊళ్ళో స్వెట్టర్లు బయటికి తీస్తారు. పైగా ఈ చెట్లకు చలికాలంలో కొన్ని వారాల పాటు గడ్డకట్టే చలి కావాలట. మా చలికాలంలో గడ్డకట్టేది కొబ్బరినూనె ఒక్కటే, అదీ ఏ నాలుగేళ్ళకో ఒకసారి.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ మల్లేశ్వరి విషయం అడిగింది. చెప్పాను.

"ఏ మేపులూ పనికిరాదని ఒక్క ముక్క రాసిచ్చేయండి" అంది.

అంత తేలిక కాదని వివరించాను. సంఘం పని తగిన మేపుల్‌ని ఎంపిక చేయడం. మేపుల్ అవసరమా కాదా అన్నది సంఘం పరిధిలోకి రాదు. ఏదీ తగదని రాస్తే సంఘం అక్కరలేదని రాసినట్టు. సంఘం లేకపోతే జీపు రాదు. ఈ చివరి మాట పైకి అనలేదు గాని మల్లేశ్వరికి వినబడినట్టే ఉంది. ఇంకో గరిటె పప్పు వేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఐదు రకాల మొక్కలు తెప్పించాం. మునిసిపల్ ఆఫీసు ఆవరణలో నాటించి, ఒక్కోదానికీ పేరుపలక పెట్టించాం. పలకల మీద చెట్టు పేరు చిన్నగా, కమిషనరు గారి పేరు పెద్దగా రాయించారు. మొక్కలు నాటే రోజు ఆయన మాట్లాడుతూ, ఈ మొక్కలు మన పట్టణపు వాతావరణాన్ని సూత్రప్రాయంగా అంగీకరించాయని అన్నారు.

ఆ అంగీకారం మార్చి రెండో వారం దాకా నిలిచింది. అప్పటికి ఆకుల అంచులు మాడి ముడుచుకోవడం మొదలైంది. వేపచెట్టు నీడన ఉన్న మొక్క మాత్రం పచ్చగానే ఉంది. నీడ సాయంతో బతికిన ఫలితం చెల్లదని దాన్ని పోటీ నుంచి తప్పించాం. మిగిలిన నాలుగూ ఎండలో నిలబడి ముందు అంచులు, తరవాత ఆకు మొత్తం ఇటుకరంగుకు తిప్పాయి. సరిగ్గా అదే వేళకు కమిషనరు గారు కారు దిగి, నల్లకళ్లద్దాలు తీయకుండానే అటు చూశారు.

"రంగు తిరిగిందా డాక్టర్ గారూ?" అన్నారు.

"తిరిగిందండి" అన్నాను. అబద్ధం కాదు కదా.

మర్నాడు పత్రికా ప్రకటన వెలువడింది. పురపాలక సంఘం కృషి ఫలితంగా పట్టణంలో శరదృతువు ఆరు నెలలు ముందుగా ప్రారంభమైందని అందులో రాశారు. ప్రజలు ఎర్రాకులను తిలకించడానికి ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు అనుమతిస్తామన్నారు. ఆ వేళకు ఆ ఎండలో తిలకించడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు. వాళ్ళు కూడా ఇంటిపన్ను కట్టడానికి వచ్చి దారి తప్పినవాళ్ళేనని తరవాత తెలిసింది.

నెలాఖరుకి ఆకులు రాలిపోయాయి. ఇది కూడా ఋతుధర్మమేనని కమిషనరు గారు సంతోషించారు. కాని చిగురు ఎప్పుడు వేస్తాయని అడిగారు. ఎండిన పుల్ల చిగురు వేయదని చెప్పాల్సిన చోట నేను కాస్త పాండిత్యం ప్రదర్శించాను. మేపుల్ మూలతః శీతల వృక్షమని, చల్లదనం సమకూరితే వేసవిని సునాయాసంగా తట్టుకుంటుందని అన్నాను. సమావేశంలో అందరూ అది రాసుకున్నారు. నేను గొప్పగా చెప్పినందువల్లే అనుకున్నాను.

"చల్లదనం మన ఊళ్ళో ఉంది గదా సార్" అన్నాడు జోజిబాబు.

నిజమే, ఉంది. ఊరి చివర బైపాస్ పక్కన మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. పంట అమ్మే రోజుల్లో ధర పడిపోతుంది. అందుకని రైతులు కాయను టిక్కీలకెత్తి, అదే గోతాలకెత్తి, ఆ చల్లటి గదుల్లో దాచుకుంటారు. దసరా దాటాక ధర వస్తే అమ్ముకుంటారు. ఎండలో ఉంటే కాయ రంగు చెడుతుంది. రంగు చెడితే ఆ కాయను ఎవరూ ముట్టుకోరు.

వెంటనే ఉత్తర్వు తయారైంది. ప్రజాప్రయోజనార్థం సదరు కోల్డ్ స్టోరేజీలోని మూడో నంబరు గదిని మేపుల్ వృక్షముల నిమిత్తం తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు కేటాయించడమైనది. కింద కమిషనరు గారి సంతకం, దాని పక్కన సాంకేతిక సిఫారసు అని నా సంతకం. నర్సరీ నుంచి కొత్తగా నలభై మొక్కలు తెప్పించి, కుండీలతో సహా ఆ గదిలో వరసగా పెట్టించాం. గోడకు దేశదేశాల శరత్కాలపు బొమ్మలు అంటించారు.

అయితే కోల్డ్ స్టోరేజీలో ఉన్న చెట్లను ప్రజలెలా చూడాలి? ఈ సమస్యకు పరిష్కారం నేనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. గుళ్ళో మూలవిరాట్టు కదలదు, ఉత్సవవిగ్రహం ఊరేగుతుంది. అలాగే అసలు చెట్లు గదిలోనే ఉండి, రోజూ సాయంత్రం నాలుగు చెట్లు ట్రాక్టరు మీద పట్టణమంతా తిరిగి వెనక్కి వెళతాయి. ప్రజలు మేపుల్ వీధికి వెళ్ళనక్కర్లేదు, మేపుల్ వీధే ప్రజల దగ్గరికి వస్తుంది. కమిషనరు గారు లేచి నాతో చేయి కలిపారు. ఆ సాయంత్రం ట్రాక్టరు తొట్టి చుట్టూ తడిపిన గోనెపట్టాలు కట్టి ఊరేగించాం. పట్టాల వల్ల చెట్లు కనిపించలేదు. మొదటి వీధిలో ఒకావిడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. రెండో వీధిలో కొబ్బరికాయ కొట్టారు.

నేను ఇంటికొచ్చేసరికి మా బావమరిది యల్లమంద అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మల్లేశ్వరికి తమ్ముడు. సొంత భూమి లేదు, నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. ఆ ఏడు వాడి పంట ఎంత బాగా పండిందంటే, కాయ చూడ్డానికి పక్క ఊరి రైతులు వచ్చారు. వాడి టిక్కీలకు మాట్లాడుకున్న గది మూడో నంబరుదే.

"రూము మొత్తం చెట్లకిచ్చేశారంట గదా బావా" అన్నాడు. "నా కాయ యాడ బెట్టుకోను?"

మిగతా గదుల్లో అడిగి చూడమన్నాను. అన్నీ నిండిపోయాయట. అమ్మేయకూడదా అన్నాను. ఇప్పటి ధరకు అమ్మితే కౌలు కూడా రాదని, కౌలు కట్టకపోతే ఆసామి చేను ఇంకొకరికి ఇచ్చేస్తాడని చెప్పాడు. ఇవన్నీ నాకు తెలియనివి కావు. తెలిసే అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి. కోల్డ్ స్టోరేజీ ఆవరణలో పట్టాలు కప్పి ఉంచుకుంటానని, నాలుగు రోజుల్లో ఏదన్నా చేయమని చెప్పి మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. మల్లేశ్వరి నాకు అన్నం వడ్డించి, తను తినకుండానే పడుకుంది. నా మీద నాకే చిరాకేసింది.

మే మొదటి వారంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూశాను. అడుగు వరస టిక్కీలు తడిసిపోయాయి. యల్లమంద వాటిని విప్పి, కాయను చేత్తో తడిమి, మళ్ళీ నేల మీద పోస్తున్నాడు. గోడకు అటువైపు మూడో నంబరు గదిలో మేపుళ్ళు చల్లగా ఉన్నాయి. చీకట్లో వాటి ఆకులు కూడా రాలిపోయి నలభై పుల్లలు మిగిలాయి. బతికున్నాయో లేదో నేను చూడలేదు. చూస్తే నివేదికలో రాయాల్సి వస్తుంది.

"ఇంకో వానొస్తే అయిపోద్ది బావా" అన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

తిన్నగా కమిషనరు గారి దగ్గరికి వెళ్ళాను. ఒక మూల కొన్ని టిక్కీలు పెట్టుకోనివ్వమని బతిమాలాను. ఆయన నొచ్చుకున్నారు. ఆ గది మేపుల్ నిమిత్తం నిర్దేశించబడిందని, మేపుల్ కాని పదార్థాన్ని అందులో ఉంచితే ఆడిట్ అభ్యంతరం వస్తుందని చెప్పారు. మేపుల్ అయితే ఎంతైనా ఉంచవచ్చన్నారు. తుది నివేదిక ఎప్పుడిస్తారని కూడా అడిగారు.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నాకు అలాంటివి వచ్చినప్పుడు ఎవరైనా చేయి పట్టుకుని ఆపాలి. ఆపేవాళ్ళు దొరకలేదు.

తుది నివేదిక ఆ మధ్యాహ్నమే రాశాను. మన వేసవికి తగిన మేపుల్‌కి ఉండవలసిన లక్షణాలు మూడు. పూర్తిగా ఎర్రబడాలి. మన ఎండలో పెరగాలి. శీతల గదిలో ఉంచితే రంగు నిలవాలి. పరీక్షించిన రకాలలో ఈ మూడూ ఉన్నది ఒక్కటే, స్థానిక ఎర్ర రకం. ఇది సంవత్సరంలో కొంతకాలం సుప్తావస్థలో ఉంటుంది, ఆ దశలో దీనిని గోతాములలో నిలవచేయాలి. ఇంత రాసి, మేడ మీద నుంచి మా కళ్లాలను తీసిన ఫోటో జతచేశాను.

జోజిబాబు నివేదిక మొత్తం చదివాడు. నా మొహం వంక చూశాడు.

"మా ఆఫీసు రికార్డుల్లోకి ఎక్కించడం తేలికే సార్. దించడమే కష్టం" అన్నాడు.

నేను నవ్వేశాను.

కమిషనరు గారు ఫోటో చూసి ముగ్ధులైపోయారు. ఇంత ఎరుపు ఆ దేశంలో కూడా లేదన్నారు. పైగా స్థానికం. కుర్చీ వెనక ఉన్న పాత ఫోటో తీయించి, ఇది పెట్టించారు. అదే రోజున స్థానిక ఎర్ర రకం మేపుల్‌ను పట్టణ వృక్షంగా ప్రకటించి, సుప్తావస్థలో ఉన్న నిల్వలను మూడో నంబరు గదికి తరలించమని ఉత్తర్వు ఇచ్చారు. నలభై పుల్లలను బయటికి తెచ్చి పొయ్యిలోకి పంపేశారు. యల్లమంద టిక్కీలు లోపలికి వెళ్ళాయి. ఆ రాత్రి మల్లేశ్వరి గారెలు వండింది. ఇన్నాళ్ళకు మీ చదువు పనికొచ్చిందంది. నేను పన్నెండు తిన్నాను.

రెండో వాన వచ్చింది, మూడోదీ వచ్చింది. యల్లమంద కాయ చల్లగా, ఎర్రగా, భద్రంగా ఉంది. దసరా వెళ్ళాక ధర లేచింది. అంత ధర వాడెప్పుడూ చూడలేదట. వ్యాపారిని వెంటబెట్టుకుని కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాడు. మేనేజరు వాడికి కుర్చీ వేసి, ఉత్తర్వు చదివి వినిపించాడు. పట్టణ వృక్షమును నరకుట, తరలించుట, విక్రయించుట నిషిద్ధం. తప్పనిసరి అయితే ఎంపిక సంఘం అనుమతి తీసుకోవాలి. తుది నివేదిక ఇచ్చిన రోజుతో సంఘం రద్దయింది.

నేను పరుగెత్తాను. కమిషనరు గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అవి మేపుళ్ళు కావని, మిరపకాయలని, మా బావమరిదివని చెప్పాను. ఆయన తిరిగి కుర్చీ వెనక ఫోటో వంక చూశారు.

"డాక్టర్ గారూ, మిరపకాయ మీద అభిప్రాయం చెప్పడానికి మిమ్మల్ని నియమించలేదు" అన్నారు. "మేపుల్ మీద మీరు చెప్పారు. అది ప్రభుత్వం ఆమోదించింది. ఇక దాన్ని మార్చాలంటే నిపుణుల అభిప్రాయం కావాలి."

వ్రాతపూర్వకంగా తప్పు ఒప్పుకుంటూ అర్జీ పెట్టుకున్నాను. ఉద్యోగం పోతే పోయిందనుకునే పెట్టాను. ఉద్యోగం పోలేదు. నా అర్జీ నిపుణుల అభిప్రాయం కోసం నిపుణుడికి వెళ్ళింది. మేపుల్‌లో మా ఊళ్ళో ఉన్న నిపుణుణ్ణి నేనే. నా అర్జీ నాకే వచ్చింది. అర్జీదారు చెప్పింది అక్షరాలా నిజమని రాసి పంపాను. సరుకు యజమాని నిపుణుడి బావమరిది అయినందువల్ల ఈ అభిప్రాయం పరిగణనలోకి రాదని తిప్పి పంపారు. చివరికి విశ్వవిద్యాలయం నుంచి ఇంకో పెద్దాయన్ని పిలిపించారు. ఆయన గదిలోకి అడుగుపెట్టి వరసగా తుమ్మి, ప్రాథమిక లక్షణాలు మిరపను పోలి ఉన్నప్పటికీ నిర్ధారణకు మరొక వేసవి పరిశీలన అవసరమని రాసి వెళ్ళిపోయారు. పాచి మీద డాక్టరేటు ఉన్న నాకంటే ఆయన చాలా జాగ్రత్తపరుడు.

సంక్రాంతి వెళ్ళేసరికి కొత్త కాయ మార్కెట్లోకి వచ్చి ధర పడిపోయింది. ఆసామి చేను ఇంకొకరికి కౌలుకు ఇచ్చేశాడు. మల్లేశ్వరి ఆ కబురు ఫోన్లో విని, నా ముందు మంచినీళ్ళు పెట్టి, అవతలి గదిలోకి వెళ్ళి ఏడ్చింది. నేను ఆ గదిలోకి వెళ్ళలేకపోయాను. వెళ్ళి ఏం చెప్పను?

మరుసటి ఏడు ఏప్రిల్లో మళ్ళీ ఇంటి ముందు జీపు హారన్ కొట్టింది. పట్టణ వృక్షాల వార్షిక తనిఖీకి నన్ను గౌరవ పర్యవేక్షకుడిగా నియమించారట. వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఒక కొత్త బోర్డు ఉంది, పట్టణ వృక్ష సంరక్షణ కేంద్రం అని. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి పరుగున వచ్చి గేటు తీసి సెల్యూట్ కొట్టాడు. చొక్కా కొంచెం వదులు. జేబు మీద మునిసిపాలిటీ బిళ్ళ ఉంది. యల్లమంద.

జోజిబాబు దయ తలచి ఔట్‌సోర్సింగ్ కింద కాపలాదారు పని ఇప్పించాడని తరవాత తెలిసింది. వాడే ముందు నడిచి మూడో నంబరు గది తలుపు తెరిచాడు. చలి మొహాన కొట్టింది, దానితోపాటు కారం ఘాటు. టిక్కీలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వాడి కాయ ఏ వరసలో ఉందో నేను అడగలేదు. వాడు ఆ వరస పక్కనే నిలబడ్డాడు, గోతాం మీద చెయ్యి వేసి.

"ఎట్టా ఉన్నావురా?" అన్నాను.

"బాగుండాను సార్."

"సార్ ఏంట్రా?"

"డూటీలో ఉండాను గదండీ" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తనిఖీ కాగితం తీశాను. నిల్వలు మేపులేనా, ఆరోగ్యంగా ఉన్నాయా అని అడుగుతూ ఒకే ఒక్క గడి ఉంది. ఈసారి నిజం రాసేద్దామనే వచ్చాను. ఎవరు ఎన్నిసార్లు తిప్పి పంపినా సరే, మిరపకాయలనే రాయాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. కలం మూత తీశాను. యల్లమంద ఇంకొంచెం దగ్గరికి జరిగి, జీపు డ్రైవరుకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"మేపులే, బాగుండయ్యని రాయండి సార్" అన్నాడు. "కావని రాస్తే ఈ ఉజ్జోగం గూడా పోద్ది."

మేపులేనని, బాగున్నాయని రాసి సంతకం పెట్టాను.